ఇసుకలో అక్షరం నుంచి మూడు ఊళ్ళ పాఠం దాకా

తెల్లవారి ఆరు గంటలకే బడి. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో పంతులుగారు సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న చుడతారు. వాడికి మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి బెత్తంతో మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. ఆ తర్వాత వచ్చే ప్రతివాడికీ ఒక్కొక్కటి పెరుగుతూ పోతుంది. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదికలో మన దత్తమండలాల వీధిబడి ఇలా కనిపిస్తుంది. అప్పటికి ఆ జిల్లాలో 533 బడులు, వాటిలో 6,641 మంది పిల్లలు. 226 బడుల్లో చదువు తెలుగులో సాగేది.

ఆ పిల్లలు ఏం నేర్చుకున్నారు? ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దారు. ఎక్కాలు వల్లించారు. లెక్కలు, ఉత్తరాలు, దస్తావేజులు చదవడం నేర్చుకున్నారు. పురాణాల పద్యాలు కంఠతా పట్టారు. పద్యంలోని భాష వేరు, నోట్లో ఆడే భాష వేరు కావడం వల్ల చెప్పేవాడికీ వినేవాడికీ అర్థం తెలియకుండానే ఆ వల్లెవేత సాగిపోతోందని క్యాంప్‌బెల్ ఆనాడే రాశాడు. దేశం గురించీ, మొక్క గురించీ, ఒంట్లో పారే రక్తం గురించీ వేరుగా పాఠం లేదు. ఆ తెలివిడి ఏదైనా ఉంటే పొలంలో, మగ్గం గుంటలో, కొలిమి దగ్గర వచ్చేది. ఆ కొలిమి దగ్గరి పిల్లల్లో చాలామందికి వీధిబడి గడప తొక్కే వీలే లేదు. ఆడపిల్లలైతే వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే.

ఇవాళ పదేళ్ళు నిండిన ఏ తెలుగు పిల్ల బడిసంచి తెరిచినా సోషల్ పుస్తకం, సైన్స్ పుస్తకం ఉంటాయి. ఇసుకపలక నుంచి ఇక్కడికి రావడానికి రెండు వందల ఏళ్ళు పట్టింది. వచ్చిన దారిని వెనుదిరిగి చూసేటప్పుడు నేను రెండే ప్రశ్నలు వేసుకుంటాను. పాఠంలో ఆ పిల్ల ఊరు ఉందా? పాఠం చెప్పింది నిజమో కాదో ఆ పిల్ల తన కళ్ళతో చూసుకునే వీలుందా? ప్రతి కాలంలో వచ్చిన మార్పులనూ నేను ఈ రెండింటితోనే కొలుస్తున్నాను.

ఇనస్పెక్టరు వచ్చే రోజు

గవర్నరు థామస్ మన్రో 1822లో వేయించిన విచారణ పూర్తయి, లెక్కలన్నీ 1826లో ఒకచోటికి చేరేసరికి మద్రాసు రాష్ట్రమంతటా తేలిన బడులు 12,498. సుమారు వెయ్యి మందికి ఒక బడి. ఈ బడులను బాగుచేయడానికి సర్కారు పెద్దగా చేసిందేమీ లేదు. 1854 నాటి వుడ్స్ విద్యా తాఖీదు తర్వాతే, 1855లో, మద్రాసులో విద్యాశాఖ ఏర్పడింది. ప్రైవేటు బడులకు గ్రాంటు ఇచ్చే పద్ధతి వచ్చింది. గ్రాంటుతోపాటు ఇనస్పెక్టరూ వచ్చాడు.

ఫలితాన్ని బట్టి గ్రాంటు అన్న నియమం పంతులుగారి బతుకును పిల్లవాడి నోటికి కట్టేసింది. ఇనస్పెక్టరు వచ్చిన రోజు పిల్లలు ఎంతమంది తడబడకుండా చదివితే, ఎంతమంది లెక్క తప్పకుండా చేస్తే అంత డబ్బు. చరిత్ర, భూగోళం పాఠాలుగా ప్రవేశించింది ఈ వాతావరణంలోనే. చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, గవర్నర్ జనరళ్ళు, వాళ్ళ తేదీలు. భూగోళం అంటే నదుల పేర్లు, అగ్రాల పేర్లు, రాజధానుల పేర్లు. థేమ్స్ నది ఒడ్డున ఏ నగరం ఉందో చెప్పగలిగిన పిల్లవాడు తన ఊరి చెరువుకి నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయో చెప్పలేకపోయినా గ్రాంటు వచ్చేది.

ఆ కాలంలో మెచ్చుకోదగ్గ ఆలోచనలు రెండు మొలకెత్తాయి. ఒకటి జిల్లా భూగోళం. ప్రపంచం మొత్తాన్ని ఎత్తుకునే ముందు సొంత జిల్లా, అందులో తాలూకాలు, ఏర్లు, పంటలు తెలుసుకోవడం. రెండోది వస్తుపాఠం. ఉప్పుగల్లునో ఇనపముక్కనో పిల్లవాడి చేతికిచ్చి ఇది ఎలా ఉంది, ఏమవుతుంది అని అడిగే పాఠం. దీని వెనకే ప్రకృతి పరిశీలన పాఠాలు వచ్చాయి. చేతికి వస్తువు అందిన బడుల్లో అది సైన్సుకు తొలి మెట్టు అయింది. వస్తువు లేకుండా దాని గుణాలు మాత్రం వల్లించిన బడుల్లో అది ఇంకో ఎక్కంగా మిగిలింది.

తెలుగులో శాస్త్రం

పిల్లవాడికి శాస్త్రం చెప్పాలంటే ముందు శాస్త్రం తెలుగులో ఉండాలి. ఆ పని మొదలుపెట్టినవాళ్ళలో కందుకూరి వీరేశలింగం పంతులుగారిని ముందు తలవాలి. వితంతు వివాహాలు చేయించిన చేత్తోనే ఆయన శరీరశాస్త్ర సంగ్రహం, జ్యోతిశ్శాస్త్ర సంగ్రహం, జంతుస్వభావ చరిత్రం రాశారు. గ్రహణానికి రాహువూ కేతువూ కారణం కాదని తెలుగు వాక్యంలో చెప్పడం ఆనాడు సంఘసంస్కరణలో భాగమే.

ఆ తర్వాత 1906లో హైదరాబాదులో పుట్టిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు వంటివాళ్ళు నడిపిన ఆ మండలి మొదటి పుస్తకం అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర. బానిసత్వం మీద పోరాడిన మనిషి కథతో మొదలుపెట్టడంలోనే వాళ్ళ ఉద్దేశం తెలుస్తుంది. ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రం, మంత్రిప్రగడ సాంబశివరావు పదార్థ విజ్ఞాన శాస్త్రం, వేమూరి విశ్వనాథశర్మ రసాయన శాస్త్రం ఈ మండలి పూనికతోనే వెలువడ్డాయి. 1910లో చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము వచ్చింది. ఇవాళ ఏడో తరగతి పిల్ల అలవోకగా రాసే శాస్త్ర పరిభాషకు చాలావరకు పునాది పడింది ఆ రోజుల్లోనే.

లక్ష్మణరావుగారి అక్క భండారు అచ్చమాంబను ఇక్కడ మరచిపోకూడదు. బడి ముఖం చూడకుండా తమ్ముడి దగ్గర అక్షరాలు నేర్చుకున్న ఆమె, చరిత్రలో స్త్రీలేరీ అని తనే వెతుక్కుని 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాల వెలువరించింది. చరిత్ర పాఠంలో సగం జనాభా కనిపించడం లేదన్న మాట బడిపుస్తకాల చెవికెక్కడానికి ఆ తర్వాత వంద సంవత్సరాలు పట్టింది.

పుస్తకాలు వచ్చినా భాష గట్టు దాటలేదు. గ్రాంథికంలో రాసిన పాఠం పిల్లవాడికి రెండు బరువులు మోయించేది: విషయం ఒకటి, వాక్యం ఒకటి. గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారికం కోసం పోరాడింది ఈ బరువు దించడానికే. ఆయన అంతటితో ఆగలేదు. పర్లాకిమిడి కొండల్లో సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలోనే వాచకాలు రాసి, బడులు పెట్టించారు. పిల్లవాడి ఇంటి మాటతోనే పాఠం మొదలుకావాలన్న సూత్రం ఇవాళ ప్రతి విద్యా విధాన పత్రంలోనూ ఉంది. మన దగ్గర దానికి చెమటోడ్చిన తొలి మనిషి గిడుగు.

నిజాం ఏలుబడిలో సంగతి వేరు. ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం 1917లో ఏర్పడిన అనువాద సంస్థ శాస్త్రాలన్నిటినీ ఉర్దూలోకి తెచ్చింది. దేశభాషలో శాస్త్రం చెప్పవచ్చని చాటిన గొప్ప ప్రయత్నం అది. ఆ దేశభాష తెలంగాణ పల్లెపిల్లలకు ఇంటిభాష మాత్రం కాదు. అందుకే ఇక్కడ తెలుగులో జ్ఞానం బడిని కాదని గ్రంథాలయాన్ని ఆశ్రయించింది. 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, ఆ బాటలో ఊరూరా లేచిన గ్రంథాలయాలు, 1926 నుంచి గోలకొండ పత్రిక బడి చేయవలసిన పనిలో కొంత భుజాన వేసుకున్నాయి. ఆ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర ప్రకటించారు. రాజుల వరసను పక్కకు పెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, సంతలో ఏం కొన్నారు అని వెతికిన పుస్తకం. తెలుగులో మొట్టమొదటి సాహిత్య అకాడమీ బహుమతి 1955లో దానికే దక్కింది. బడిలో 'సాంఘిక శాస్త్రం' అన్న పేరుకు అసలైన అర్థం నాకు ఆ పుస్తకంలోనే దొరుకుతుంది.

చరఖా పక్కన గ్లోబు

సోషల్ స్టడీస్, జనరల్ సైన్స్ అనే రెండు సబ్జెక్టులను పల్లెబడి పాఠ్యప్రణాళికలో కుదురుగా నిలబెట్టింది గాంధీగారి నయీ తాలీం. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన సమావేశం తర్వాత జాకీర్ హుస్సేన్ కమిటీ రూపొందించిన ప్రణాళికలో చేతిపని నడిమధ్య ఉంటుంది. నూలు వడికే పిల్లవాడు పత్తి ఏ నేలలో పండుతుందో నేర్చుకుంటే అది భూగోళం, పత్తి వ్యాపారం కోసం ఎవరు వచ్చారో తెలుసుకుంటే అది చరిత్ర, దారం ఎందుకు తెగుతుందో గమనిస్తే అది సైన్సు. ఆలోచన ఎంత పెద్దదో అమలు అంత చిన్నదైపోయింది. చరఖా పీరియడు చరఖా పీరియడుగానే ఉండిపోయి, గ్లోబు వేరే గదిలో ఉండిపోయింది.

స్వాతంత్ర్యం తర్వాత 1952-53 నాటి మొదలియార్ కమిషన్ ఈ రెండు సబ్జెక్టులూ అందరికీ ఉండాలంది. 1961లో ఎన్‌సీఈఆర్‌టీ పుట్టింది. 1964-66లో భౌతికశాస్త్రవేత్త దౌలత్ సింగ్ కొఠారీ నాయకత్వంలోని కమిషన్, మొదటి పదేళ్ళ బడిలో సైన్సు, లెక్కలు ప్రతి పిల్లకూ తప్పనిసరి చేయమని సిఫారసు చేసింది. చాకలి ఇంటి పిల్లకూ చాందినీ కింద పెరిగిన పిల్లకూ ఒకే సైన్సు పుస్తకం అన్నది చిన్న నిర్ణయం కాదు. ఈ దేశంలో సమానత్వం కోసం జరిగిన పెద్ద పనుల్లో దాన్ని నేను చేరుస్తాను.

సర్కారే పాఠ్యపుస్తకాలు అచ్చువేయడం, హైదరాబాదు మింట్ కాంపౌండ్ నుంచి అవి లారీల్లో మండలాలకు చేరడం, జూన్‌లో ఆ కొత్త కాగితం వాసన మూడు తరాల తెలుగు పిల్లలకు జ్ఞాపకం. పేదపిల్లలకు ఇంట్లో ఉండే పుస్తకాలు అవే. ఆ పుస్తకాల్లో అశోకుడు ఉన్నాడు, అమీబా ఉంది, కిరణజన్య సంయోగక్రియ ఉంది. పాఠం చివర ఖాళీలు పూరించడం ఉంది. ఆ ఖాళీల కోసమే గైడ్లు పుట్టాయి. గైడు వచ్చాక పాఠం చదవవలసిన పని తప్పింది. ఇనస్పెక్టరు గ్రాంటు ఎప్పుడో పోయినా, దాని ఆత్మ పరీక్షకాగితంలో దూరి బతికే ఉంది.

గ్రహణం రోజు

1980 ఫిబ్రవరి 16. నేను అప్పుడు ఆరో తరగతి. సైన్సు పుస్తకంలో గ్రహణం బొమ్మ ఉంది: ఒక దీపం, ఒక పెద్ద బంతి, నడుమ చిన్న బంతి. ఆ బొమ్మను నేను రంగుపెన్సిళ్ళతో గీసి పదికి తొమ్మిది మార్కులు తెచ్చుకున్నాను. సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ ఆ రోజు మా ఊరి మీదుగానే పోయింది. ఊళ్ళో ఒక్క తలుపు తెరిచి లేదు. కిటికీలకు గోనెపట్టాలు కట్టారు. నీళ్ళబిందెల్లో గరికపోచలు వేశారు. మా అమ్మ నన్ను వంటింట్లో కూచోబెట్టి గొళ్ళెం పెట్టింది. మధ్యాహ్నం మూడున్నర దాటాక పట్టపగలు చీకటి పడింది. కోళ్ళు గూళ్ళకు చేరిన చప్పుడు మాత్రం విన్నాను.

హైదరాబాదుకు దగ్గర్లోని జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీకి ఆ నిమిషాల కోసమే దేశవిదేశాల శాస్త్రవేత్తలు వచ్చారని పెద్దయ్యాక తెలిసింది. ఇంకొంత చదివాక మరో సంగతి తెలిసింది. 1868 ఆగస్టు 18న ఫ్రెంచి ఖగోళవేత్త పియర్ జాన్సెన్ మన గుంటూరులో నిలబడి గ్రహణాన్ని వర్ణపటదర్శినితో చూశాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను గ్రహణం లేని రోజున కూడా చూడవచ్చని గ్రహించి, మర్నాడే చూసి చూపించాడు. అదే గ్రహణాన్ని మరో ఖగోళవేత్త నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం నుంచి చూశాడు. ఆ ఏడాది సూర్యకాంతిలో కనిపించిన ఒక పసుపు గీత భూమ్మీద అప్పటికి ఎవరికీ తెలియని మూలకానిదని తేలి, దానికి హీలియం అన్న పేరు వచ్చింది. అది భూమ్మీద దొరికింది 1895లో. హీలియం గుర్తు రాయమంటే రాయగలిగిన మా తరగతిలో, ఆ కథలో గుంటూరు ఉందని తెలిసినవాడు ఒక్కడూ లేడు. నా బాధంతా అదే. పాఠం అబద్ధం చెప్పలేదు. మా ఊరి ఆకాశంతో దానికి సంబంధం ఉందని మాత్రం మాకెవరూ చెప్పలేదు.

గ్రహణం ఒక్కటే కాదు. దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుక్కున్నది సికింద్రాబాదులో. యామన్‌పల్లి అనే ఊరి పేరును తనలో దాచుకున్న కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అనే రాక్షసబల్లి ఎముకలు ఆదిలాబాదు నేలలో దొరికాయి. ఆ అస్థిపంజరం ఇప్పుడు హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. అశోకుడి శాసనాలు కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉన్నాయి. తెలుగులో మనకు తెలిసిన తొలి శాసనాల్లో ఒకటైన ఎరికల్ ముత్తురాజు శాసనం కడప జిల్లా కలమళ్ళది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పాఠాలకు సరిపడా ఆనవాళ్ళు బస్సు టికెట్టు దూరంలోనే ఉన్నాయి.

హోషంగాబాద్, ఋషివ్యాలీ

పాఠాన్ని పిల్లవాడి చేతికి తేవడంలో దేశానికి దారి చూపినది మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్. 1972లో కిశోర్ భారతి, రసూలియా గ్రామీణ కేంద్రం అనే సంస్థలు కలిసి 16 మాధ్యమిక బడుల్లో, అంటే సరిగ్గా ఈ ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో, సైన్సును ప్రయోగాలతో మొదలుపెట్టాయి. ఆకులు ఏరుకొచ్చి పోల్చడం, పువ్వు కోసి లోపల చూడడం, దొరికిన సామానుతో తక్కెడ చేసుకోవడం. జవాబు పుస్తకంలో ఉండదు. ప్రయోగం చేసి రాసుకోవాలి. పుస్తకం దగ్గర పెట్టుకునే పరీక్ష రాయవచ్చు. పిల్లలు తమకొచ్చిన సందేహాలన్నీ సవాలీరామ్ అనే ఊహావ్యక్తికి ఉత్తరాలు రాసేవాళ్ళు. ప్రతి ఉత్తరానికీ జవాబు వెళ్ళేది. 1982 నుంచి ఏకలవ్య సంస్థ ఈ పనిని నడిపింది. సోషల్‌కీ ఇలాంటి పుస్తకాలు తయారుచేసింది. 2002లో ప్రభుత్వం ఈ సైన్సు కార్యక్రమాన్ని ఆపేసింది. ముప్పై ఏళ్ళు వెలిగిన దీపాన్ని ఒక ఉత్తర్వుతో ఆర్పేశారు. అయినా ఆ వెలుగులో చదువు చెప్పడం నేర్చుకున్నవాళ్ళు దేశమంతా వ్యాపించారు.

మన దగ్గర మదనపల్లె పక్కన ఋషివ్యాలీలో ఇంకో దారి పడింది. అక్కడి గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు పెట్టి, పాఠాలను బొమ్మల కార్డులుగా విడగొట్టి, మెట్లుగా అమర్చింది. ఒకే గదిలో వేర్వేరు వయసుల పిల్లలు ఎవరి మెట్టు మీద వాళ్ళు. పరిసరాల పాఠానికి ఆ ఊరి గుట్ట, ఆ ఊరి పాట, ఆ ఊరి ముసలమ్మ చెప్పిన కథ సామగ్రి అయ్యాయి. దీని అడుగుజాడలు తర్వాత తమిళనాడు ప్రభుత్వ బడుల దాకా వెళ్ళాయి.

1988లో పుట్టిన జనవిజ్ఞాన వేదిక, దాని పిల్లల పత్రిక చెకుముకి, మహీధర నళినీమోహన్ రాసిన క్యాలెండర్ కథ వంటి పుస్తకాలు, విశాలాంధ్ర దుకాణంలో చవకగా దొరికిన సోవియట్ సైన్సు పుస్తకాలు బడి బయట ఎందరో పిల్లలకు రెండో బడి అయ్యాయి.

సర్కారు మాటకొస్తే 1987లో నల్లబల్ల పథకం కింద పల్లెబడులకు పటాలు, గ్లోబు, సైన్సు కిట్టు అందాయి. నేను టీచరుగా చేరిన మొదటి బడిలోనూ ఆ కిట్టు ఉంది. ఆకుపచ్చ ఇనపబీరువాలో, తాళం వేసి. ఏదైనా పగిలితే జీతంలో కోస్తారని భయం. రిజిస్టరులో ప్రతి పరీక్షనాళికకూ లెక్క ఉంది. వాటిలో ఒక్కటీ నీళ్ళు చూడలేదు.

మూడు ఊళ్ళు

రచయిత ఆర్.కె. నారాయణ్ 1989లో రాజ్యసభలో పిల్లల బడిసంచి బరువు గురించి మాట్లాడారు. ఆ మాట యశ్‌పాల్ కమిటీకి దారితీసింది. బరువు సంచిది మాత్రమే కాదని, అర్థంకాని చదువుదని 1993లో ఆ కమిటీ తేల్చింది. అదే యశ్‌పాల్ అధ్యక్షతన వచ్చిన 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బడిలోని జ్ఞానాన్ని బడి బయటి జీవితంతో కలపాలంది. దాని బాటలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో తన సొంత చట్రం రాసుకుంది. 2012 నుంచి కొత్త పుస్తకాలు వచ్చాయి. సోషల్ పుస్తకాల తయారీలో ఏకలవ్య అనుభవం కూడా కలిసింది.

ఆ ఆరో తరగతి సోషల్ పుస్తకం తెరిచిన రోజు నాకు ఇప్పటికీ గుర్తే. పటాలు చదవడం, గ్లోబు, భూస్వరూపాలు. వాటి వెంటనే మూడు ఊళ్ళు. కృష్ణా డెల్టాలోని పెనమకూరు, పీఠభూమి మీది డోకూరు, కొండల మీది పెనుగోలు. ఒక ఊళ్ళో కాలవ నీళ్ళు, నల్లరేగడి, వరి. ఒక ఊళ్ళో ఎండిన చెరువు, లోతుకు పోయే బోర్లు, పనికోసం వలస. ఒక ఊళ్ళో అడవి, పోడు, వాగునీళ్ళు. భూస్వరూపం అన్న మాట మనిషి కంచంలోకి, కూలిలోకి, ఇంటిగోడలోకి ఎలా వస్తుందో ఆ మూడు పాఠాలు చూపించాయి. పాటలీపుత్రానికి ఎంత గౌరవమో పెనుగోలుకీ అంత గౌరవం ఇచ్చిన పుస్తకం అది.

డోకూరు పాఠం చెబుతుంటే వెనక బెంచీ పిల్ల ఒకతె లేచింది. "మన ఊరు కూడా ఇట్లనే ఉంటది గద సార్, మన ఊరి మీద పాఠం ఎందుకు లేదు?" అంది. మీరే రాయండి అన్నాను. వారం రోజులు పిల్లలు ఇల్లిల్లూ తిరిగారు. ఎన్ని బావులు, ఎన్ని బోర్లు, ఏవి ఎండాయి, ఏ ఏట ఎండాయి అని తాతలను అడిగారు. తాళ్ళకు రాయి కట్టి బావుల లోతు కొలిచారు. చార్టు మీద ఊరి పటం గీసి, ఎండిన బావులకు ఎరుపు, నీళ్ళున్నవాటికి నీలం పెట్టారు. ఎరుపంతా చెరువుకు ఎగువనే ఉంది. ఎందుకని ఆ పిల్లే అడిగింది, ఆ పిల్లే చెప్పింది: చెరువు నిండితేనే దిగువ బావుల్లో ఊట. సోషల్ ఎక్కడ ఆగి సైన్సు ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు. ఆ పటం మీద సర్పంచి కూడా చాలాసేపు వేలు పెట్టి చూశాడు.

సైన్సు పుస్తకాలూ అలాగే మారాయి. వర్షం ఎక్కడినుంచి వస్తుందో అడిగారు. అయస్కాంతంతో ఆటలన్నారు. ప్రతి పాఠంలో కృత్యాలు, ప్రాజెక్టు పనులు పెట్టారు. కొంతమంది టీచర్లు వాటిని మనసుపెట్టి చేయించారు. చాలాచోట్ల ప్రాజెక్టు పని జిరాక్సు దుకాణంలో తయారై వచ్చింది. పుస్తకం మారినంత వేగంగా పరీక్ష మారలేదు. టీచరుకు శిక్షణ, తీరిక ఆ వేగంతో అందలేదు. తప్పు పిల్లలదీ పుస్తకానిదీ కాదు.

2014 తర్వాత రెండు రాష్ట్రాల పుస్తకాలు వేరయ్యాయి. తెలంగాణ పుస్తకాల్లోకి రాష్ట్రోద్యమ చరిత్ర, ఇక్కడి వీరులు, పండుగలు న్యాయంగా చేరాయి. 2020-21 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో, 2022-23 నుంచి తెలంగాణలో ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లీషు ఉన్న ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. ఇంగ్లీషు పేజీ మీద చూపు తడబడినప్పుడు తెలుగు పేజీ అమ్మలా పక్కనే ఉంటుంది. గిడుగు వంటివాళ్ళు కోరినదాంట్లో కొంత ఇలా మిగిలింది. ఆ తెలుగు పేజీని ఎప్పటికీ చింపకండని నా విన్నపం. జాతీయ స్థాయిలో 2020 విద్యా విధానం, 2023 పాఠ్యప్రణాళిక చట్రం, 2024లో వచ్చిన కొత్త ఆరో తరగతి పుస్తకాలు అనుభవంతో నేర్చుకోవాలనే అంటున్నాయి. నయీ తాలీం అడిగినదీ, హోషంగాబాద్ చేసి చూపినదీ అదే. మాట కొత్తది కాదు, చేయవలసిన పనే మిగిలి ఉంది.

వెనక్కి చూస్తే

రెండు వందల ఏళ్ళలో మనం గెలిచినవి గట్టివే. బడి గడప అందరికీ తెరుచుకుంది. ఆడపిల్లలు బెంచీలు నింపారు. శాస్త్రం తెలుగు నేర్చుకుంది. రాజుల చరిత్రలోకి రైతు, నేతగాడు, గిరిజనుడు, స్త్రీ వచ్చి కూచున్నారు. గ్రహణం రోజు అద్దాలు పెట్టుకుని పిల్లలను మేడ మీదికి తీసుకెళ్ళే టీచర్లు ఇప్పుడు ఉన్నారు. నా కూతురు అలా చూసింది.

ఓడిపోతూ వచ్చినది ఒక్కచోటే. పాఠానికీ పిల్లకూ నడుమ ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం నిలబడుతోంది: ఒకప్పుడు అర్థంకాని పద్యం, తర్వాత ఇనస్పెక్టరు, తర్వాత గైడు, ఇప్పుడు బిట్ల పరీక్ష. ఆ అడ్డు తొలగించగలిగింది ప్రతి తరంలోనూ ఒక టీచరో, ఒక తల్లో, ఒక పుస్తకమో. ప్రభుత్వాలు చేయవలసినవి చాలా ఉన్నాయి. ఖాళీ పోస్టులు నింపాలి, పరీక్షను మార్చాలి. అవి జరిగేలోపు మనం చేయగలిగినవీ ఉన్నాయి.

టీచర్లకు నా మనవి: ఈ విద్యా సంవత్సరంలో ఒక్క పాఠాన్ని మీ ఊరి మీద పిల్లల చేత రాయించండి. ఆగస్టు 20న ఒక గాజుసీసాలో దోమపిల్లలున్న నీళ్ళు తెచ్చి తరగతిలో పెట్టండి, సికింద్రాబాదు కథ చెప్పండి. తల్లిదండ్రులకు మనవి: సాయంత్రం పిల్ల ఇంటికి రాగానే ఎన్ని మార్కులని అడిగే ముందు, ఇవాళ ఏం చూశావని అడగండి. మీ బడిలో ఆ బీరువా ఇంకా ఉంటే తాళం తీయించండి. గ్లోబు మీది దుమ్ము తుడిచి పిల్లల చేతికివ్వండి. పగిలితే ఇంకొకటి కొనుక్కోవచ్చు.